ఎటు ఉరుకుతున్నవు వదినె?

ఆడవాళ్ళకి పరుగు నేర్పాలా అండీ! పాలు పొంగితే పరుగు, నల్లా వస్తే పరుగు, బడి బస్సు హారను కొడితే టిఫిను డబ్బా పట్టుకుని పరుగు. ఇవన్నీ కొలిచి బహుమతులిచ్చే వాళ్ళుంటే మన వంటిళ్ళలోంచి ఎంతమంది ఛాంపియన్లు బయటపడేవారో! అయితే ఆ పరుగులన్నిటికీ ఏదో ఒక కారణం ఉంటుంది. వెనకనుంచి ఎవరూ తరమకుండా, ముందు ఏదీ పొంగకుండా, తన కోసం తాను పరుగెత్తే ఆడమనిషి కనిపించిందా, ఇక వీధి ఊరుకోదు.

మా కొత్తవాడ అసలే ఊరుకోదు. పోచమ్మ మైదాన్ పక్కన, మగ్గాల చప్పుడుతో తెల్లవారే పేట ఇది. గల్లీలో ఎవరింటికి ఏ చుట్టం వచ్చిందో అందరికీ తెలుస్తుంది. నలభై దాటిన ఇల్లాలు పొద్దున్నే ఉరుకుతూ కనబడితే (మా వైపు పరుగుని ఉరుకుడు అంటాం, ఆ మాటలోనే కాస్త కంగారు ఉంది) మొదటి ప్రశ్న, "ఏమైంది వదినె, ఎవలకు పానం బాగలేదు?" రెండోది, "ఎం.జి.ఎం.కేనా?" పెద్దాసుపత్రి దగ్గరలో ఉండటం వల్ల మా పేటలో ఉరుకుడుకి ఆ ఒక్క అర్థమే స్థిరపడిపోయింది.

బతుకమ్మ పండుగప్పుడు చూడండి! తొమ్మిది రోజుల పాటు సాయంత్రం మొదలుకొని పొద్దుపోయేదాకా చప్పట్లు చరుస్తూ, వంగుతూ, లేస్తూ, గుండ్రంగా తిరుగుతూనే ఉంటాం. అప్పుడు ఎవరి కాళ్ళూ నొప్పి పుట్టవు, ఎవరూ ఎందుకని అడగరు. అంటే కాళ్ళల్లో సత్తువ లేక కాదు, ఇంటి గుమ్మం నుంచి గల్లీ మలుపు దాకా ఉన్న ఆ నూరు గజాలే మొదటి పందెంలో అన్నిటికంటే కష్టమైన దూరం.

కిందటేడు కార్తీకమాసంలో మేము నలుగురం హన్మకొండలో జరగబోయే అయిదు కిలోమీటర్ల పరుగుకు పేర్లిచ్చాం. ఒకావిడది బ్యాంకు ఉద్యోగం. ఒకావిడ జాకెట్లు కుడుతుంది. మూడో ఆవిడ మా ఎదురింటి వదిన. ఆమెకి నలభై ఆరేళ్ళు. ఇంటాయన జంపఖానాలు నేస్తాడు, ఆవిడ కండెలు చుట్టి అందిస్తుంది. నాలుగోది నేను. నలుగురిలో ఏ ఒక్కరూ బడి మానేశాక పరుగెత్తిన పాపాన పోలేదు. ఒక్కతే పరుగెత్తితే పిచ్చి అంటారు, నలుగురు కలిసి పరుగెత్తితే ప్రోగ్రాం అంటారు. అందుకని కొత్తగా మొదలుపెట్టే వాళ్ళు ఎవరు అడిగినా, బూట్ల కంటే ముందు ఇంకొక మనిషిని వెతుక్కోండి అంటాను.

వదిన సంగతి మా ముగ్గురిలాంటిది కాదు. మాకు పొద్దున గంట పోతే నిద్ర పోతుంది. ఆవిడకి గంట పోతే కండెలు పోతాయి, కండె లేకపోతే మగ్గం ఆగుతుంది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే పేట పేటంతా సంతోషించిన మాట నిజమే గాని, గుర్తింపు వచ్చిందని కండెలు వాటంతటవి చుట్టుకోవు కదా! ఆవిడకి షుగరు వచ్చే సూచన ఉందని డాక్టరు నడవమన్నాడు. "నడిస్తే పని ఎగ్గొట్టి తిరుగుతున్నదంటరు. ఉరికితే ఏమంటరో చూద్దాం" అంటూ మాతో వచ్చింది.

మేము పట్టుకున్న పద్ధతి అమెరికాలో జోష్ క్లార్క్ అనే కుర్రాడు 1996లో వేసిన లెక్క. యాభై దాటిన వాళ్ళమ్మని కుర్చీలోంచి లేపి పరుగెత్తించాలని మొదలుపెట్టాడట, అందుకే నాకు నచ్చింది. మొత్తం తొమ్మిది వారాలు, వారానికి మూడు రోజులు. మొదటి వారంలో అయిదు నిమిషాలు చురుగ్గా నడవాలి. ఆ తర్వాత ఒక నిమిషం పరుగు, నిమిషంన్నర నడక, మళ్ళీ నిమిషం పరుగు, ఇలా ఇరవై నిమిషాలు. వారాలు గడిచేకొద్దీ పరుగు పెరుగుతుంది, నడక తగ్గుతుంది. మాకు మాత్రం తొమ్మిది వారాలు చాల్లేదు లెండి. సంక్రాంతి, ఒక పెళ్ళి, ఒక జ్వరం కలిసి పద్నాలుగు పట్టాయి. ఒక వారం తప్పితే ఆ వారం పాఠాన్నే మళ్ళీ చదువుకున్నాం. పరీక్ష పెట్టే మాస్టారు ఎవరూ లేరు గదా!

ఇంత వేగంతో పరుగెత్తాలి అని ఎవరైనా చెబితే వినకండి. మాట్లాడుతూ పరుగెత్తగలగాలి, అదే లెక్క. నోట్లోంచి పూర్తి వాక్యం రావడం లేదంటే జోరు ఎక్కువైందన్నమాట. ఈ పరీక్షలో మన ఆడవాళ్ళు తప్పడం కష్టం! మొదట్లో మాత్రం మేము బస్సు పోతున్నట్టు పరుగెత్తి, రెండో నిమిషానికే కరెంటు స్తంభాలు పట్టుకుని నిలబడేవాళ్ళం. అది చూసి వదిన భర్త, జన్మలో పందెం అన్నది ఎరగని మనిషి, మగ్గం మీదనుంచే అన్నాడు, "పొద్దుగాల్నే జోరు చేస్తే బువ్వ తినే యాళ్ళకు దమ్ము పోతది. ఒక్కతీరుగ తొక్కాలె." పొద్దంతా కాళ్ళాడిస్తూ కూడా ఉన్నచోటు కదలని పని అది. ఆ మాటలో ఉన్న శాస్త్రం మాకు తర్వాత తెలిసింది. 1972 ఒలింపిక్స్‌లో పదివేల మీటర్లు పరుగెత్తిన జెఫ్ గాలోవే లాంటివాడే, మారథాన్‌లో కూడా మొదటినుంచీ మధ్య మధ్య నడవమని నేర్పాడు. కాబట్టి నడిస్తే పందెం చెడిపోతుందన్న బెంగ పెట్టుకోకండి.

ఇక ఒంటి సంగతి. బీపీ, షుగరు, గుండె నొప్పి, మోకాళ్ళ బాధ ఉన్నవాళ్ళు ముందు డాక్టరుకి చూపించుకోవలసిందే. ఏ జబ్బూ లేదనుకునే వాళ్ళు కూడా రక్తం ఎంత ఉందో ఒక్కసారి పరీక్ష చేయించుకోవాలి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తం తక్కువ. అలాంటివాళ్ళకి ఆయాసం వస్తే అది బద్ధకం కాదు, చేతగానితనం అంతకంటే కాదు. టైలరమ్మకి అదే తేలింది. నెలన్నర మాత్రలు మింగుతూ నడిచింది, తర్వాత మాతో కలిసింది.

బూట్లు ఖరీదైనవి అక్కర్లేదు గాని వేళ్ళ ముందు కాస్త చోటుండాలి. సాయంత్రం పూట, పాదాలు కొద్దిగా ఉబ్బి ఉన్నప్పుడు కొనుక్కోండి. లోపలి దుస్తుల మాట ఎవరూ ఎత్తరు గనక నేనే ఎత్తుతున్నాను. మామూలు బాడీ పరుగుకి చాలదు, గట్టిగా పట్టి ఉంచే రకం ఆటసామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. బూట్ల డబ్బులో కొంత తగ్గించి అయినా అది కొనండి. వదిన మొదటి రెండు వారాలూ చీరకట్టుతోనే పరుగెత్తి, మూడో వారంలో కూతురి చుడీదారు వేసుకుని, చున్నీ నడుముకి బిగించి వచ్చింది. ఆ రోజు గల్లీలో మగ్గాలు నిమిషం సేపు ఆగాయంటే అతిశయోక్తి కాదు.

వాళ్ళత్తగారైతే, "ఈ వయసుల ఎగిరితే గర్భసంచి జారుతది" అని తేల్చేసింది. నవ్వకండి. పెద్ద పెద్ద చదువులు చదివిన దొరలు కూడా ఇంచుమించు ఇదే నమ్మారు. 1928 ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ 800 మీటర్ల పందెం అయ్యాక కొందరు అలసి నేలమీద వాలారని పత్రికలు గోల పెడితే, ఆ పందాన్ని తీసేసి మళ్ళీ 1960 దాకా పెట్టలేదు. మగవాళ్ళు అలసి కూలబడితే వీరత్వం, మనం కూలబడితే బలహీనత! 1966లో బోస్టన్ మారథాన్‌కి రాబర్టా గిబ్ అనే అమ్మాయి పొదల చాటున దాక్కుని, పందెం మొదలయ్యాక గుంపులో కలిసి పరుగెత్తింది. మరుసటేడు కాథరీన్ స్విట్జర్ 261వ నంబరు కట్టుకుని పరుగెడుతుంటే ఒక నిర్వాహకుడు వెంటపడి లాగెయ్యబోయాడు. 1972 నాటికి గాని అక్కడ ఆడవాళ్ళకి తలుపు తియ్యలేదు. ఒలింపిక్స్‌లో మన మారథాన్ 1984లో వచ్చింది. ఇదంతా నేను ముసలమ్మకి చెబితే, "అయితే ఆ పిల్లలకు జారిందా?" అని అడిగింది. లేదన్నాను. ఇంకేమీ అనలేదు.

అంత దూరం పోనక్కర్లేదు. హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. పంజాబు అమ్మాయి హర్మిలన్ బెయిన్స్ అక్కడే 1500 మీటర్లు 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి, 2002 నుంచి చెక్కుచెదరని సునీతారాణి జాతీయ రికార్డుని దాటేసింది. మన వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ పిల్ల జీవంజి దీప్తి 2024 మే నెలలో జపానులోని కోబెలో, ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పూర్తిచేసి ప్రపంచ రికార్డుతో బంగారు పతకం తెచ్చింది. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. స్టేడియం చుట్టూ ఒక్క తిరుగుడు అన్నమాట. మా వేగంతో లెక్క కడితే, మేము ఒక చుట్టు తిరిగేసరికి ఆ పిల్ల నాలుగు చుట్లు తిరిగేస్తుంది. అయిదు కిలోమీటర్లంటే అలాంటి చుట్లు పన్నెండున్నర. దీప్తిని తలుచుకుని ఉత్సాహపడండి, ఆవిడతో పోల్చుకుని మాత్రం నీరుగారకండి.

పందెం నాడు పొద్దున్నే ఒక అరటిపండు తిని, కాసిని నీళ్ళు తాగి వెళ్ళాం. కొత్త బూట్లు, కొత్త బట్టలు ఆ రోజు తొడగరాదు. ఈల ఊదగానే కుర్రకారు బాణాల్లా దూసుకుపోయారు. వాళ్ళని చూసి బ్యాంకావిడ కూడా దూసుకుపోయి, మొదటి కిలోమీటరు దగ్గరే నడుం పట్టుకుని మాకు దొరికింది. మూడో కిలోమీటరులో వదినకి డొక్కలో పట్టేసింది. నడుస్తూ, ఊపిరి నిదానంగా బయటికి వదులుతూ రెండు నిమిషాలు సర్దుకుంది. ఆఖరి మలుపు దగ్గర అరటిపళ్ళ బల్ల ఎత్తేస్తున్నారు, షామియానా తాళ్ళు విప్పుతున్నారు. నిర్వాహకులకు నాదొక మనవి. రుసుము అందరి దగ్గరా ఒకటే తీసుకున్నప్పుడు, ఆఖరి మనిషి వచ్చేదాకా ఆ బల్ల ఉంచితే మీ సొమ్మేం పోతుంది?

నలభై ఏడు నిమిషాలకి గీత దాటాం. వదిన మా ముగ్గురి కంటే రెండడుగులు వెనక దాటింది. మెళ్ళో పతకం వేస్తుంటే జడ అడ్డం తీసుకుని, పెళ్ళికూతురిలా తల వంచింది.

ఇంటికి రాగానే అత్తగారు పతకాన్ని చేత్తో తూచి చూసింది. "నీ ఎనుక ఎందరున్నరే?"

"ఒక్కటే ఉండె, అంబులెన్సు."

"అండ్ల ఎవలన్న ఉన్నరా?"

"డ్రైవరు ఉన్నడు."

"మరైతే ఆని మీద గెలిచినవ్" అంది ముసలమ్మ.

వదిన ఇప్పుడు పది కిలోమీటర్లకి తయారవుతోంది. సోమ, బుధ, శనివారాల్లో పొద్దుటి మొదటి కండెలు అత్తగారే చుడుతోంది.