మడమ దిగితేనే పిక్క పెరుగుతుంది

మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు వ్యాయామశాల నడిపిన ఊరు విజయనగరం. కసరత్తు మాట ఎత్తితే అక్కడ వినేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఊళ్లో ఓ మేడ మీది చిన్న జిమ్‌కు సాయంత్రం పూట వెళ్లాను. అద్దాలు తక్కువ, ఇనుము ఎక్కువ.

భుజాల మీద బార్ పెట్టుకుని, చెక్క దిమ్మ అంచున మునివేళ్ల మీద నిలబడి ఓ కుర్రాడు గబగబా లేస్తున్నాడు. మడమలు దిమ్మ కంటే కిందికి రావడమే లేదు. కోచ్ వచ్చి చెరో వైపూ ఒక ప్లేటు తీయించాడు. "ఇప్పుడు దించు తమ్ముడూ. ఇంకా దించు. అక్కడ ఆగు." మడమలు కిందికి జారాయి. పిక్క బిగుసుకుని సాగింది, మోకాలి వెనక నరం తేలింది. బరువు తగ్గినా కాళ్లు వణికాయి. "పని అంతా ఆ కిందే ఉంది" అన్నాడు కోచ్ నాతో.

కండ సాగి ఉన్నప్పుడు పని చేస్తే మేలన్న ఆయన మాటకు ఆధారం ఉంది. 2023లో జపాన్ పరిశోధకులు కొందరి చేత 12 వారాలు ఒక కాలితో నిలబడి, రెండో కాలితో కూర్చుని పిక్కల వ్యాయామం చేయించారు. పిక్క పైకండలో బయటివైపు భాగం నిలబడి చేసిన కాలిలో 12.4 శాతం పెరిగింది, కూర్చుని చేసిన కాలిలో 1.7 శాతమే. పిక్క పైకండ మోకాలిని దాటి తొడ ఎముకకు అతుక్కుంటుంది. మోకాలు మడిస్తే అది వదులైపోతుంది, కాలు చాపితే సాగుతుంది. అడుగున ఉండే సోలియస్ మోకాలిని దాటదు కాబట్టి రెండు పద్ధతుల్లోనూ దాని పెరుగుదలలో పెద్ద తేడా రాలేదు.

మరో మూల ఒకమ్మాయి డంబెల్‌ను తల వెనక్కి దించి ఎత్తుతోంది. చేయి పైకెత్తి చేస్తే చేయి వెనక కండ ట్రైసెప్స్ సాగుతుంది. కిందికి పెట్టి చేసిన చేతికంటే ఇలా పైకెత్తి చేసిన చేతికి తక్కువ బరువు వాడారు, అయినా ఆ చేతి కండే ఎక్కువ పెరిగిందని జపాన్‌లోనే మరో అధ్యయనం చెప్పింది. ఎంత బరువు ఎత్తావని మాత్రమే అడిగే మన జిమ్‌లలో ఈ సంగతి గోడ మీద రాసిపెట్టాలి.

అన్ని కండలకూ ఒకే లెక్క కుదరదు. గుంజీ పూర్తిగా కిందికి తీస్తే పిరుదులు, తొడ లోపలి కండలు ఎక్కువ పెరుగుతాయి, తొడ ముందు కండకు మాత్రం సగం గుంజీతో పోలిస్తే పెద్ద తేడా కనపడలేదు. సాగదీసి చేసిన మర్నాడు నొప్పులూ ఎక్కువే. అందుకే కొత్తవాళ్లు తేలిక బరువుతో, కొద్ది సెట్లతో మొదలుపెట్టండి. కీలులో నొప్పి వస్తే ఆపేయండి.