పన్ను కబురు, పక్కింటి కబురు

ఆశ్రమ పాఠశాలలో ఒకే గదిలో పెరిగిన నలుగురం, ఇప్పుడు తలోచోటా ఉన్నాం. రాత్రి తిన్నాక సెల్లులో వాయిస్ మెసేజీలు పెట్టుకుంటాం, మా కువిలోనే. సిగ్నల్ కోసం నేనైతే రాగి చేను గట్టెక్కాలి.

పోయిన వారం నా కబురు పన్ను గురించి. కానుగ పుల్లతో తోముకున్నన్నాళ్లూ లేని నొప్పి ఉద్యోగం వచ్చాక వచ్చింది. పాడేరు ఘాట్ దిగి విశాఖ వెళ్లి పీకించుకున్నాను. "ఎన్నాళ్లుగా నొప్పి?" అని డాక్టరమ్మ అడిగితే "రెండు సంతలు" అన్నాను. ఆవిడ నర్సు వైపు చూసింది. రెండు వారాలని చెప్పాల్సింది!

విశాఖలో ఉంటున్న మావాడి కబురు వేరు. పక్క వాటాలోకి కొత్తవాళ్లు దిగారట. నా మెసేజీ గట్టిగా పెట్టుకుని వింటుంటే ఆ ఇంటావిడ "ఏం భాష తమ్ముడూ అది?" అని అడిగిందట. వీడు ఒడియా అని చెప్పేశాడు. మన్యం వాళ్లమని తెలిసి ఇల్లు ఖాళీ చేయమన్న పాత ఓనరు గుర్తొచ్చి ఉంటాడు. తప్పు పట్టలేకపోయాను. కానీ పన్ను పీకిన చోటికన్నా ఎక్కువ సలిపింది. కువి కూడా ద్రావిడ భాషే, తెలుగుకు చుట్టమే. ఆ మాట వాడికీ తెలుసు.

నిన్న రాత్రి మళ్లీ పెట్టాడు. అక్కకి నిజం చెప్పేశాడట. మెసేజీ చివర ఆవిడ గొంతు కూడా ఉంది. "తిన్నావా" అని కువిలో అనబోయి, తడబడి నవ్వేసింది. గట్టు మీద చలిలో మూడుసార్లు విన్నాను.