ఎప్పుడు చూడాలన్నదే పేచీ

ఆగస్టు 5, 2024, సోమవారం, హైదరాబాద్

మా ఎమ్యులేటర్‌లో ఇవాళ ఇంటరప్ట్ కంట్రోలర్ ప్లిక్ మొదలుపెట్టాను. రిస్క్-ఫైవ్ ప్రాసెసర్లలో బయటి పరికరాల ఇంటరప్ట్‌లు సాధారణంగా దీని గుండా కోర్‌కి చేరతాయి. పైకి చూస్తే ఏముంది, నాలుగు పట్టికలు: ఎవరి ప్రయారిటీ ఎంత, ఎవరు పెండింగ్‌లో ఉన్నారు, ఎవరికి అనుమతి ఉంది, థ్రెషోల్డ్ ఎంత. స్పెసిఫికేషన్ 1,023 సోర్సులకు చోటిచ్చింది. సున్నా నంబరుకి అర్థం ఎవరూ లేరని. క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌లోని ‘వర్ట్’ బోర్డు అమరికే తీసుకున్నాను, సీరియల్ పోర్టు యూఆర్ట్‌కి 10వ నంబరుతో సహా. అలాగైతే ఎంఐటీ వాళ్ల పాఠాల ఓఎస్ ఎక్స్‌వీ6ని ఏమీ మార్చకుండా నడిపి చూసుకోవచ్చు.

ఆగస్టు 8, గురువారం

పట్టికలు సాయంత్రానికే అయిపోయాయి. అసలు తంటా కోర్ వైపు. చిప్‌లో తీగ మీద వోల్టేజీ పెరుగుతుంది, కోర్‌కి తెలిసిపోతుంది. మన దగ్గర తీగ లేదు, ఒక బిట్ ఉంది. ఎవరో ఒకరు వెళ్లి దాన్ని చూడాలి. ప్రతి ఇన్‌స్ట్రక్షన్ తర్వాతా చూస్తే? మాటిమాటికీ మూత తీస్తే అన్నం ఉడకదు. అందుకే క్యూఈఎంయూ పద్ధతి: కోడ్‌ని బ్లాకులుగా అనువదించి, బ్లాకు మొదట్లో మాత్రమే చూడటం.

దీనివల్ల ఇంటరప్ట్ కొన్ని ఇన్‌స్ట్రక్షన్లు ఆలస్యంగా అందుతుంది. స్పెసిఫికేషన్‌కి అభ్యంతరం లేదు, ఒక హద్దులోపు అందితే చాలంటుంది. కానీ ఇంటరప్ట్‌లకి అనుమతిచ్చే ఎమ్‌స్టేటస్ లాంటి రిజిస్టర్‌లో రాసిన వెంటనే, ట్రాప్ నుంచి తిరిగొచ్చే ఎమ్‌రెట్ అయిన వెంటనే చూసి తీరాలని పట్టుబడుతుంది. కాబట్టి ఆ ఇన్‌స్ట్రక్షన్ల దగ్గర బ్లాకు తెగాలి. ఇంత పెద్ద షరతుని ఒక్క వాక్యంలో పెట్టి ఊరుకున్నారు.

టైమర్‌ని ల్యాప్‌టాప్ గడియారానికి కట్టకూడదని కూడా తేల్చుకున్నాం. నడిచిన ఇన్‌స్ట్రక్షన్ల లెక్కే కాలం. లేకపోతే ఇవాళ దొరికిన బగ్ రేపు కనబడదు.

ఆగస్టు 13, మంగళవారం

కొత్తగా చేరిన అమ్మాయి వచ్చింది. “అక్కా, డీబగ్గర్‌లో మెమరీ విండో తెరిస్తే కీబోర్డు చచ్చిపోతోంది. మూసి మళ్లీ మొదట్నుంచి నడిపితే బాగానే ఉంటోంది.”

“ఏ అడ్రస్ చూస్తున్నావు?” అన్నాను. ప్లిక్‌లో క్లెయిమ్ రిజిస్టర్ ఉన్న చోటే!

ఆ రిజిస్టర్‌ని చదవడమంటే పని ఒప్పుకోవడం. చదవగానే పెండింగ్ బిట్ పోతుంది. పని అయ్యాక అదే నంబరు తిరిగి రాసేదాకా ఆ సోర్సు నుంచి కొత్త పిలుపు లోపలికి రాదు. ఇక్కడ చదివింది డీబగ్గర్. అది తిరిగి రాయదుగా! ఎక్స్‌వీ6 మాత్రం రాని పిలుపు కోసం కూర్చుంది.

హార్డ్‌వేర్ మోడళ్లు రాసే సిస్టమ్‌సీ టీఎల్‌ఎమ్‌లో డీబగ్ యాక్సెస్‌కి వేరే దారి ఎందుకు పెట్టారో ఆ అమ్మాయికి వేరే చెప్పనక్కర్లేకపోయింది. మా బస్‌లోనూ తనే అలాంటి దారి వేస్తోంది. నాకైతే ప్లిక్ రాసిన దానికంటే ఈ దారే ఎక్కువ ముఖ్యమనిపిస్తోంది.

ఆగస్టు 15, గురువారం

సెలవు. 8259 డేటాషీట్ తిరగేశాను. 1981 నాటి ఐబీఎం పీసీలో ఉన్న ఇంటరప్ట్ కంట్రోలర్. రిక్వెస్ట్ లేచి, ప్రాసెసర్ ఎవరని అడిగేలోపే దిగిపోతే, ఇది ఎవరూ లేరనదు. 7వ నంబరు చెప్పేస్తుంది. ఇన్-సర్వీస్ బిట్ మాత్రం పెట్టదు. ఆ బిట్ చూసే లైనక్స్ అది ఉత్తుత్తి పిలుపని కనిపెడుతుంది. మోడల్ రాసేవాళ్లు ఈ వంకరని దిద్దకూడదు. దిద్దితే లైనక్స్‌లో ఆ కోడ్‌కి పరీక్షే ఉండదు.

ఆగస్టు 20, మంగళవారం

ఇంటరప్ట్ వచ్చేదాకా కోర్‌ని ఆపే డబ్ల్యూఎఫ్‌ఐ మీద వాదన. ఏమీ చేయని ఇన్‌స్ట్రక్షన్‌గా వదిలేద్దామని మా లీడ్. స్పెసిఫికేషన్ ఒప్పుకుంటుంది కూడా. కానీ ఖాళీగా ఉన్న ఓఎస్ కోసం ల్యాప్‌టాప్ ఫ్యాన్ గిర్రుమని తిరగడం నాకు నచ్చదు. కోర్ పడుకుంటే కాలాన్ని తర్వాతి టైమర్ దాకా దూకించాలన్నది నా పక్షం. చివరికి ఆయన సరేనన్నారు.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఎమ్‌స్టేటస్‌లో ఇంటరప్ట్‌లు మొత్తంగా ఆపేసి ఉన్నా, టైమర్‌కి విడిగా అనుమతి ఉంటే, అది మోగగానే కోర్ లేవాలి. ట్రాప్‌లోకి మాత్రం పోకుండా తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ నడపాలి. దానికి టెస్ట్ రాశాను. ఇక రెండో హార్ట్ (హార్డ్‌వేర్ థ్రెడ్) సంగతి. ఒకటి పడుకున్నా రెండోది పనిలో ఉంటే గడియారం దూకకూడదు. ఆ నిర్ణయం ప్లిక్‌దీ కాదు, కోర్‌దీ కాదు. షెడ్యూలర్ ఫైల్ రేపు తెరవాలి.