రాజును కొన్నవాడు

మా నాయన నాటకాలోడు. పద్యనాటకాలు ఆడేవాడు, ఇప్పటికీ ఆడతాడు. అరవై ఎనిమిదేళ్లొచ్చినా ఎక్కడ్నుంచైనా పిలుపొస్తే పొద్దున్నే మేకప్ పెట్టె దించి తుడుచుకుంటాడు. సినిమాల్లో కనపడినోడు కాదు, బిరుదులున్నోడు కాదు. రాత్రి పదింటికి తెర లేస్తే తెల్లారుజాము దాకా సాగే నాటకంలో ఏదో ఒక వేషం వేసి, తొలి బస్సుకో రైలుకో ఇంటికొచ్చే మనిషి. ఇట్లాంటోళ్లు వందలమంది ఉన్నారు. వాళ్ల గురించి రాసినోళ్లు తక్కువ. వాళ్లలో మా కులపోళ్ల గురించి రాసినోళ్లు మరీ తక్కువ.

మాది పర్చూరు వైపు ఒక పల్లెటూరు. అందులో మాదిగపల్లె. నాయన చదివింది అయిదో తరగతి. పాట నేర్చింది చర్చిలో, హార్మోనియం పెట్టె పక్కన కూర్చుని. పద్యం నేర్చింది మైకుసెట్టు దగ్గర. ఊళ్లో పెద్దకులాల పెళ్లిళ్లకి డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్ర పద్యాలు వేసేవాళ్లంట. పందిట్లోకి రానీయకపోయినా పాటకి గోడలేముంటాయి? పొలంలో కలుపు తీస్తా ఒక్కో పద్యం నోటికి పట్టాడు. సమాసానికి అర్థం తెలియదు, కానీ ఎక్కడ విరవాలో, ఎక్కడ గుక్క తిప్పుకోకుండా లాగాలో తెలుసు. నేను తెలుగు పంతులమ్మనయ్యాక ఆ పద్యాలకి అర్థం చెబితే, "అదా సంగతి! అందుకేనా అక్కడ గొంతు దానంతటదే పైకి పోయేది" అన్నాడు.

కాంట్రాక్టు నాటకం తెలియనోళ్ల కోసం కొంచెం చెప్పాలి. తిరనాళ్లకో శ్రీరామనవమికో ఊరి కమిటీ ఒక కాంట్రాక్టరుకి డబ్బు మాట్లాడుకుంటుంది. ఆయన ఒకణ్ణి తెనాలి నుంచి, ఒకణ్ణి గుంటూరు నుంచి, ఇంకొకణ్ణి ఒంగోలు నుంచి పిలిపిస్తాడు. రిహార్సల్స్ ఉండవు. ఎవరి పాత్ర వాళ్లకి కంఠతా వచ్చుండాలి. అందర్నీ కలిపి నడిపేది హార్మోనియం మేష్టరు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి 'సత్యహరిశ్చంద్రీయం'లో హరిశ్చంద్రుడు ఒక్కడే. స్టేజి మీద మాత్రం ముగ్గురు. మొదటి హరిశ్చంద్రుడు అడవిదాకా, రెండో హరిశ్చంద్రుడు కాశీలో భార్యని అమ్మేదాకా, మూడో హరిశ్చంద్రుడు కాటి సీనుకి. జనం నిద్రాపుకుని కూర్చునేది మూడో ఆయన కోసం. డబ్బు కూడా ఆయనకే ఎక్కువ. పోస్టరు మీద పెద్ద ఫోటో ఆయనదే. నాయన పేరు అట్టడుగున, చిన్నక్షరాల్లో ఉండేది. 'కాటికాపరి వీరబాహు' అన్న మాట ఎదురుగా.

1994లో మేం చీరాల వచ్చాం. అప్పుడు నాకు ఆరేళ్లు. ఎందుకు చీరాలంటే రైలుంది. విజయవాడ నుంచి మద్రాసు పోయే లైను. అర్ధరాత్రి ఆట ముగిసినా, తెల్లారి ముగిసినా ఏదో ఒక బండి దొరుకుద్ది. మా ఊరికైతే రాత్రి ఎనిమిది దాటితే బస్సు లేదు. ఇంకో కారణం కూడా ఉంది. అది నాయన పైకి చెప్పేవాడు కాదు, అమ్మ చెప్పేది. 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. ఆడవాళ్లని చెరిచారు. బతికినోళ్లు ఊరొదిలి చీరాల వచ్చి, మళ్లీ ఆ ఊరికి పోమని ఇక్కడే నిలబడ్డారు. విజయనగర్ కాలనీ అట్లా పుట్టింది. మేం కారంచేడు వాళ్లం కాదు. కానీ చుట్టుపక్కల పల్లెల్లో ఉన్న మా వాళ్లందరికీ చీరాల అంటే ఊరొదిలి కూడా బతకొచ్చు అని చూపించిన చోటు. నేను చదువుకున్న పుస్తకంలో చీరాల–పేరాల ఉద్యమం ఉంది. 1921లో మునిసిపాలిటీ పన్నులు కట్టమని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం ఊరొదిలి బయట పాకలేసుకున్నారని చదివి పరీక్ష రాశాను. నా పుస్తకంలో కారంచేడు లేదు. అది నాకు అమ్మ చెప్పింది.

టౌనులో ఇల్లు దొరకడం స్టేజి మీద వేషం దొరకడం కంటే కష్టమైంది. మొదట ఒక పెద్దమనిషి తన పెంకుటింట్లో వెనకవైపు గది ఇచ్చాడు. నాటకాలంటే పిచ్చి ఆయనకి. నాయన చేత రెండు పద్యాలు పాడించుకుని, "మీలాంటి కళాకారులు మా ఇంట్లో ఉండటం మా అదృష్టమండీ" అన్నాడు. అడ్వాన్సు తీసుకున్నాడు. మూడోరోజు ఆయన భార్య బావి దగ్గర అమ్మని అడిగింది, "మీరేమిట్లు?" అని. అమ్మకి అబద్ధం రాదు. ఆ సాయంత్రం 'అండీ' పోయింది. "చూడు, మా బంధువులొస్తున్నారు, గది కావాలి" అన్నాడాయన. అడ్వాన్సు మాత్రం పైసా తక్కువ కాకుండా తిరిగిచ్చాడు. ఇప్పటికీ నాయన ఆ సంగతి చెప్పేటప్పుడు, "మర్యాదస్తుడు, డబ్బులు ఎగ్గొట్టలేదు" అంటాడు. వెటకారమో నిజంగానే అంటాడో నాకు తెలియదు.

చివరికి మా వాళ్లుండే పేటలోనే పాక వేసుకున్నాం. అవతల వీధిలో మగ్గాల చప్పుడు, తెల్లారితే వాడరేవు నుంచి చేపల గంపలు. ఆ పాకని నిలబెట్టింది నాటకం కాదు, అమ్మ. పొగాకు కంపెనీలో గ్రేడింగు పని. ఆకు రంగు చూసి, మచ్చ చూసి వేరు చేసే పని. ఇంటికొస్తే బట్టల నిండా పొగాకు ధూళి, రాత్రంతా దగ్గు. నాటకాల కాలం శివరాత్రితో మొదలై ఎండలతో ముగుస్తుంది. వానాకాలమంతా నాయన చేతిలో రూపాయి ఉండేది కాదు. ఇంటి ముందు చాప వేసుకుని నలుగురు పిల్లలకి పద్యం నేర్పేవాడు. "మీ నాయన రాత్రిపూట రాజుల దగ్గర ఉంటాడు, పగలు నా దగ్గర తింటాడు" అనేది అమ్మ. నవ్వుతానే అనేది. నా ఫీజు, నా పుస్తకాలు, డిగ్రీ, బి.ఎడ్. అన్నీ ఆ పొగాకు చేతులవే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను.

ఇక వీరబాహు సంగతి. స్టేజి మీద వీరబాహు అంటే తాగుబోతు. కల్లు ముంత పట్టుకుని తూలుతా వస్తాడు. మాట ముద్దముద్దగా ఉంటుంది, మా పల్లె యాస పెడతారు. జనం పడీపడీ నవ్వుతారు. హరిశ్చంద్రుణ్ణి చూసి ఏడుస్తారు. ఎందుకేడుస్తారు? రాజ్యం పోయినందుకు, పెళ్లాం బిడ్డల్ని అమ్ముకున్నందుకు. అన్నిటికీ మించి అంత గొప్ప రాజు ఆఖరికి చండాలుడి కింద పనికి కుదిరినందుకు. ఆ ఏడుపులో మేం ఎక్కడున్నామో చిన్నప్పుడు స్టేజి కింద గడ్డి మీద కూర్చుని చూస్తా నాకు అర్థమయ్యేది కాదు. జనం నవ్వేది మా నాయనని చూసి అని మాత్రం అర్థమయ్యేది.

కాటి సీనులో ఇంకో సంగతుంది. ఆ సీనుకి ప్రాణం పోసిన పద్యాలు బలిజేపల్లి వారివి కావు, గుర్రం జాషువా గారివి. శ్మశానం మీద ఆయన రాసిన పద్యాల్ని నటులు ఏరి తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టారు. అంటరానితనం కాలు పెట్టలేని చోటు శ్మశానం ఒక్కటేనని వాటి సారాంశం. దానికి వన్స్ మోర్ కొడతారు. చదివింపులు చదివిస్తారు. ఆ పద్యం ఒక అంటరాని కవిదని చాలామందికి తెలియదు, తెలిసినోళ్లు చెప్పరు. "జాషువాగారు రాశాడు గానీ అమ్మాయ్, మన ఊళ్లో మనకి బొందలగడ్డ కూడా వేరే కదా" అనేవాడు నాయన. శవాన్ని మోసుకుని పెద్దవీధిలో నుంచి పోనీయని ఊళ్లోనే ఆ పద్యానికి మూడుసార్లు వన్స్ మోర్ పడటం నేను విన్నాను.

2002 ఎండాకాలం. నేను తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఉన్నాను. నాయన వెంట ఒక ఊరి తిరనాళ్లకి వెళ్లాను. మూడో హరిశ్చంద్రుడు ఎక్కిన బస్సు దారిలో ఆగిపోయింది. రాత్రి రెండయింది. కాంట్రాక్టరు తల పట్టుకున్నాడు. హార్మోనియం మేష్టరు నాయన వంక చూపించి, "ఈయనకి మొత్తం వచ్చండీ" అన్నాడు. కాంట్రాక్టరుకి వేరే దారి లేదు. వీరబాహుగా తూలి దిగిన మనిషి మొహం కడుక్కుని, గొంగళి కప్పుకుని, కర్ర పట్టుకుని మూడో హరిశ్చంద్రుడై ఎక్కాడు. జాషువా పద్యం ఎత్తుకున్నాడు. నా నాయన గొంతు అట్లా ఉంటుందని అప్పటిదాకా నాకే తెలియదు. వన్స్ మోర్లు పడ్డాయి. నాలుగు నోట్లు చొక్కాకి గుచ్చారు.

తెల్లారి కమిటీవాళ్లు టీ ఇస్తా, ఎవరో చెవిలో ఏదో అన్నారు. కమిటీ పెద్ద నాయన వంక తేరిపార చూసి నవ్వి, "అట్లా చెప్పు మరి. కాటి సీను కదా, ఈడికి అచ్చొచ్చింది" అన్నాడు. అందరూ నవ్వారు. నాయన టీ గ్లాసు కింద పెట్టి, "వస్తానండీ" అని బయల్దేరాడు. రాజు వేషం కట్టినా వాళ్లకి కనపడింది కాటికాపరే. తరవాతి ఆటకి కాంట్రాక్టరు మళ్లీ వీరబాహే ఇచ్చాడు. "హరిశ్చంద్రుడికి పది మంది దొరుకుతారయ్యా. వీరబాహుకే మనిషి దొరకడు. అది మీవాళ్లు వేస్తేనే అందం" అన్నాడు.

నాయన వద్దనలేదు. వేషం తీసుకున్నాడు. కానీ ఆ ఏటి నుంచి తాగడం మానేశాడు. స్టేజి మీద. తూలడు. ముంత పట్టుకోడు. తెల్లటి పంచె కట్టుకుని, తలపాగా చుట్టుకుని, నింపాదిగా నడిచొస్తాడు. రాజుని పైనుంచి కిందదాకా చూస్తాడు. లెక్కపెట్టి డబ్బులిస్తాడు. మాట సూటిగా చెబుతాడు. "ఎందుకు నాయనా మార్చావ్?" అని అడిగితే నాకు చెప్పిన మాట ఇది. "ఆలోచించమ్మా. రాజుకి ఆఖరి బాకీ తీరింది ఎవడి సొమ్ముతో? కాశీ పట్నంలో అంతమంది పెద్దోళ్లున్నారు. ఒక్కడూ కొనలేదు గదా. ఈడు కొన్నాడు. ఈడి సొమ్ము లేకపోతే ఆయన సత్యం ఎక్కడ నిలబడుద్ది? రాజుని కొన్నోడు తూలుతా ఎందుకుంటాడు? ఒళ్లు తెలిసే కొన్నాడు."

ఇదేమీ పుస్తకాలు చదివి చెప్పిన మాట కాదు. ముప్పై ఏళ్లు ఆ వేషంలో నిలబడితే వచ్చిన మాట.

దానికి ఖర్చయింది. "కామెడీ పోయింది" అని కమిటీలు గొణిగాయి. ఇద్దరు కాంట్రాక్టర్లు పిలవడం మానేశారు. రెండేళ్లు నెలకి ఒక ఆట కూడా రాలేదు. అమ్మ ఓవర్ టైము చేసింది. "తూలితే ఏం పోయింది? వేషమే గదా" అని అమ్మ ఒక్కసారి కూడా అనలేదు. తరవాత మెల్లమెల్లగా అదే బాగుందని పిలిచినోళ్లూ వచ్చారు. నాయన వీరబాహు వస్తే జనం నవ్వడం మానేసి చూడటం మొదలుపెట్టారు. రాజు కొనబడుతున్నప్పుడు పందిట్లో నిశ్శబ్దం ఉంటుంది. ఆ నిశ్శబ్దం నాయన సంపాదించింది.

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కాళ్లకూరి నారాయణరావు గారి 'చింతామణి' నాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమ కులాన్ని వెక్కిరిస్తోందని ఆర్యవైశ్యులు అడిగారు, ప్రభుత్వం విన్నది. నాయనతో వేషాలేసే వాళ్లు కొందరికి కూడుపోయింది. స్నేహితులు కొందరు నన్నడిగారు, "మరి వీరబాహు సంగతేంటి? మనమూ అడగాలి గదా" అని. నాయన్ని అడిగాను. "వద్దు. నాటకం ఆపితే జాషువా కూడా ఆగిపోతాడు. వాళ్లకి గవర్నమెంటు వింటది కాబట్టి అడిగారు. మనం అడిగితే వినేదాకా ఆగుతామా? మనిషిని మార్చి చూపిద్దాం" అన్నాడు. ఈ మాటతో అందరూ ఒప్పుకోనక్కరలేదు. ఉద్యమంలో ఉన్న మిత్రులు ఒప్పుకోలేదు కూడా. అవమానాన్ని కళ పేరుతో ఎన్నాళ్లు మోస్తామని వాళ్ల ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే. కానీ స్టేజి ఖాళీ చేసి దిగిపోతే ఆ వేషం ఇంకెవడో వేసి మళ్లీ ముంత పట్టుకుంటాడన్నది నాయన భయం. ఈ రెంటిలో నేను నాయన వైపున్నాను.

ఇప్పుడు చీరాల బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ఆ బాపట్లలోనే స్త్రీ పాత్రలకి పేరుమోసి 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు గారు పుట్టారు. మా పేటలో నాయన్ని 'నాటకాలాయన' అంటారు. పాక పోయి స్లాబు పడింది. కరోనాకి 2020లో సరిగ్గా నాటకాల కాలంలోనే లాక్‌డౌన్ పడి పందిళ్లన్నీ ఆగిపోతే, మా ఇంటి అరుగు మీద పద్యం మాత్రం ఆగలేదు. ఆ అరుగు మీద ఇప్పుడు ఏడుగురు నేర్చుకుంటున్నారు. అందులో ఇద్దరు ఆడపిల్లలు.

పోయినేడు ఏప్రిల్ 14కి మా బడిలో కాటి సీను వేయించాను. నాయన వచ్చి నేర్పాడు. పద్యం మొదలుపెట్టే ముందు ఇది జాషువా రాసిందని ఒక పిల్లాడు ముందుకొచ్చి పేరు చెప్పి మరీ పాడాడు. అట్లా చెప్పాలన్నది నేను పెట్టిన నిబంధన. వీరబాహు వేషం కోసం నలుగురు పోటీపడ్డారు. అందులో ఒకడు పెద్దకులపోడు. నాయన వాణ్ణి నిలబెట్టి, "నడువు చూద్దాం" అన్నాడు. వాడు ఎక్కడో చూసినట్టే తూలుతా నడిచాడు. పిల్లలు నవ్వారు. నాయన నవ్వలేదు. కోప్పడనూ లేదు.

"అట్లా కాదు అబ్బాయ్. నువ్వు రాజుని కొంటన్నావు. నిటారుగా నడువు" అన్నాడు.