వెనక్కి వచ్చేటప్పుడు పుస్తకం జాగ్రత్త!

నేనేమీ కంప్యూటరు చదువులు చదివినదాన్ని కాను. రాజమండ్రిలో మా ఇంట్లోనే పొడులూ పచ్చళ్ళూ, పండగలకి పిండివంటలూ చేసి అమ్ముతుంటాను. చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయని మొదలుపెట్టిన పని కాస్తా మా వీధి దాటి, ఊరు దాటింది. ఫోనుల్లో ఆర్డర్లు రాసుకోలేక అవస్థ పడుతుంటే మా ఆడపడుచు కొడుకు ఒక వెబ్‌సైటు తయారుచేసి ఇచ్చాడు. దానికి వాడింది వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేరు. 2003 మే 27న మొదటి వెర్షన్ వచ్చిందట. మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. దానికి డబ్బు కట్టక్కర్లేదు. మిక్సీకి చట్నీ జారు వేరే, పొడి జారు వేరే ఉన్నట్టు, దీనికి ప్లగిన్లని చిన్న ప్రోగ్రాములు తగిలించుకోవాలి. ఆర్డర్లు తీసుకోవడానికి ఒకటి, ఫోటోలకి ఒకటి, అలా మా సైటుకి ఓ డజను ఉన్నాయి.

పోయిన సంక్రాంతికి పదిరోజుల ముందు మాట. బుధవారం పొద్దున్నే సైటు తెరిస్తే కొత్త ఆర్డర్లు 11 అని కనిపించింది. లోపలికి వెళ్ళి పేర్లు చూసేలోపే ఇంకో మాట కంటపడింది. ఆర్డర్ల ప్లగిన్‌కి కొత్త వెర్షన్ వచ్చింది, మార్చుకోండి అని. కొత్తదంటే మంచిదేగా! నొక్కేశాను.

చెప్పొద్దూ, అక్కడితో మొదలైంది నా తిప్పలు. జంతికలూ అరిసెలూ బుట్టలో అయితే పడుతున్నాయి గానీ, అడ్రసు రాయాల్సిన పేజీ తెల్లగా సున్నం కొట్టిన గోడలా ఉంది. అసలే పండగ ముందు, గిరాకీ రోజులు. గుండె దడదడలాడింది. మేనల్లుడికి ఫోను చేస్తే ఎత్తలేదు. హోస్టింగ్ వాళ్ళ పేజీలో బ్యాకప్ అని ఒకటుండాలని గుర్తొచ్చింది. చూస్తే ఆదివారం రాత్రి తీసిన కాపీ ఉంది. దాన్ని నొక్కాను. ఐదు నిమిషాల్లో సైటు ఎప్పటిలా లేచి కూర్చుంది. "చూశారా, ఎవరి సాయమూ లేకుండా బాగుచేశాను!" అని మా వారి దగ్గర గొప్పలు పోయి, కాఫీ కలుపుకుని తాగాను కూడా.

కాఫీ అయ్యాక ఆర్డర్ల జాబితా తెరిచాను. అది ఆదివారంతో ఆగిపోయింది. సోమ, మంగళ, బుధవారాల్లో వచ్చిన 11 ఆర్డర్లూ లేవు. ఎంత వెతికినా లేవు.

ఆర్డరు వచ్చినప్పుడల్లా మెయిలు వస్తుంది కదా అంటారేమో. మా సైటు నుంచి మెయిళ్ళు రావడం అంతకుముందే ఆగిపోయింది. రోజూ తెరిచి చూసుకుంటున్నాను కదా అని నేనే పట్టించుకోలేదు.

సాయంత్రం మేనల్లుడు ఫోను చేశాడు. నా ఏడుపంతా విని, "అత్తయ్యా, సైటంటే ఒకటి కాదు, రెండు. నీ గ్రైండరూ గిన్నెలూ ఉన్నాయే, అవి ఫైళ్ళు. ఆర్డర్లు రాసుకునే పుస్తకం డేటాబేస్. కొత్త గ్రైండరు తిరక్కపోతే పాత గ్రైండరు దింపుకుంటే సరిపోయేది. నువ్వు దాంతోపాటు ఆదివారం నాటి పుస్తకం కూడా తెచ్చి, ఇవాళ్టి పుస్తకం మీద పెట్టేశావు. మరి తర్వాత రాసినవి అందులో ఎలా ఉంటాయి?" అన్నాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది అనిపించింది.

డబ్బు ముందే కట్టినవాళ్ళ వివరాలు బ్యాంకు లావాదేవీల్లో దొరికాయి. అలా 8 మంది దొరికారు. ఒక్కొక్కరికీ ఫోను చేసి, క్షమించమని అడిగి, ఏం కావాలో మళ్ళీ రాసుకున్నాను. మిగిలిన ముగ్గురూ సరుకు అందాక డబ్బిస్తామన్నవాళ్ళు. వాళ్ళ జాడ ఎక్కడా లేదు. ఒకావిడ గురువారం తనే ఫోను చేసింది.

శుక్రవారం సాయంత్రం కాకినాడ నుంచి ఒకాయన. "అమ్మా, సున్నుండలూ చిమ్మిలీ చెప్పాను. ఎప్పుడొస్తాయి?" అన్నాడు. నేను నసుగుతుంటే ఆయన కాసేపు ఆగి, గొంతు తగ్గించి చెప్పాడు. "మా అమ్మాయి పెద్దమనిషయిందమ్మా. రేపు స్నానం. మా ఆవిడ పోయి రెండేళ్ళు. ఇవన్నీ చేసిపెట్టే ఆడదిక్కు లేదు. సోమవారమే చెప్పానుగా అని ధైర్యంగా ఉన్నాను."

నా నోట మాట రాలేదు. ఒక మగమనిషి, ఎవరిని అడగాలో తెలీక, ఏ అర్ధరాత్రో కూర్చుని నా సైటులో ఆ రెండు పేర్లూ టైపు చేసుకుని ఉంటాడు. దాన్ని నేను ఒక్క నొక్కుతో తుడిచేశాను.

"రేపు పొద్దున్నే వస్తాయన్నా" అని ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాను. మినుములు దోరగా వేయించి, విసిరి, బెల్లం, నెయ్యి కలిపి ఉండలు చుట్టేసరికి అర్ధరాత్రి దాటింది. చిమ్మిలికి నువ్వులు మా వారే దంచి పెట్టారు. తెల్లవారుజామున మొదటి బస్సుకి డబ్బాలు పట్టుకుని ఆయనే కాకినాడ వెళ్ళి ఇచ్చి వచ్చారు. డబ్బు తీసుకోవద్దన్నాను, తీసుకోలేదు.

పండగ అయ్యాక మేనల్లుణ్ణి ఇంటికి పిలిచి, పెసరట్టు పెట్టి, వెనక్కి వెళ్ళే పద్ధతి సరిగ్గా నేర్పమన్నాను. నాలాగే సైటు నడుపుకునే అక్కచెల్లెళ్ళు మీలోనూ ఉంటారు కదా, మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

కొత్త వెర్షన్ పెట్టేముందే ఫైళ్ళూ డేటాబేసూ రెండూ కాపీ తీసుకోవాలి. ఆ కాపీ సైటు ఉన్నచోటే ఉంచితే లాభం లేదు, వేరే చోట దాచాలి. ఇప్పుడున్న వెర్షన్ నంబరు కాగితం మీద రాసుకోవాలి. పండగ ముందు, గిరాకీ వేళల్లో అసలు ముట్టుకోకూడదు. చాలా హోస్టింగ్ కంపెనీలు స్టేజింగ్ అని సైటుకి నకలు ఇస్తాయి. ముందు అందులో పెట్టి చూడాలి. పిండి మొత్తం వండేముందు ఒక్క అరిసె వేసి చూసుకోమూ, అలాగన్నమాట.

అయినా చెడిందనుకోండి. వెంటనే వెనక్కి పరుగెత్తకండి. కొత్త ఆర్డర్లు పడకుండా, సైటు మరమ్మతులో ఉందని బోర్డు పెట్టండి. చెడిపోయిన సైటుకి కూడా, ఉన్నదున్నట్టుగా ఒక కాపీ తీయండి. అది చెడింది సరే, నిన్నటి ఆర్డర్లు ఉన్నది అందులోనే! నేను ఈ ఒక్క పని చేసుంటే ఇదంతా రాసే అవసరమే ఉండేది కాదు.

తర్వాత దోషం ఎక్కడుందో చూడాలి. ప్లగిన్లు ఒక్కొక్కటే ఆపి చూస్తే దొరుకుతుంది. దొరికిన ఆ ఒక్కదాన్నే వెనక్కి తీసుకోవాలి. ఉచిత ప్లగిన్లకైతే వర్డ్‌ప్రెస్ వాళ్ళ సైటులోనే పాత వెర్షన్లు ఉంటాయి. డబ్ల్యూపీ రోల్‌బ్యాక్ అనే ప్లగిన్ పెట్టుకుంటే, కావాల్సిన నంబరు ఎంచుకోగానే అదే మార్చిపెడుతుంది. కొనుక్కున్న వాటికైతే అమ్మినవాళ్ళనే పాతది అడగాలి. వర్డ్‌ప్రెస్‌నే వెనక్కి తేవాల్సి వస్తే, దాని సొంత ఫైళ్ళు మాత్రం మార్చాలి. మన ఫోటోలూ ప్లగిన్లూ ఉండే డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డరునీ, డేటాబేస్ తాళంచెవి లాంటి డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైలునీ ముట్టుకోకూడదు.

ఒక మెలిక ఉంది. కొన్ని కొత్త వెర్షన్లు వస్తూనే డేటాబేసులో గళ్ళు మార్చేస్తాయి. అప్పుడు పాత ప్రోగ్రాముకి ఆ పుస్తకం చదవడం రాకపోవచ్చు. పాత పుస్తకమే తేవాల్సొస్తే, మధ్యలో వచ్చిన ఆర్డర్లన్నీ ముందు బయటికి రాసుకుని, తర్వాత చేత్తో ఎక్కించుకోవాలి. అంతా అయ్యాక క్యాష్ ఖాళీ చేసి, మనమే ఒక ఆర్డరు ఇచ్చి చూసుకోవాలి.

వెనక్కి వెళ్ళాం కదా అని అక్కడే కాపురం పెట్టకూడదు. చాలా కొత్త వెర్షన్లు వచ్చేది పాతదాంట్లో కన్నాలు పూడ్చడానికే. ఆ కన్నం ఎక్కడుందో నలుగురికీ తెలిసిపోతుంది, దొంగలతో సహా. దోషం సరిచేసిన వెర్షన్ వచ్చేదాకా నాలుగు రోజులు తలదాచుకోవడమే. ఇంకోటి, 2020 ఆగస్టులో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.5 నుంచి ప్లగిన్లు వాటంతటవే మారే సదుపాయం పెట్టారు. మనం దాన్ని పెట్టుకుని ఉంటే, వెనక్కి తెచ్చిన ప్లగిన్‌కి ఆపాలి. లేకపోతే రాత్రికి రాత్రే మళ్ళీ కొత్తది వచ్చి కూర్చుంటుంది. పని అయ్యాక మళ్ళీ పెట్టడం మర్చిపోకండి.

ఒక్కోసారి మొత్తం వెనక్కి వెళ్ళక్కర్లేదు కూడా. 2018 డిసెంబరు 6న వచ్చిన 5.0లో రాసుకునే పేజీ రూపమే మారిపోయింది. పాతదే కావాలన్నవాళ్ళకి క్లాసిక్ ఎడిటర్ అని ఒక ప్లగిన్ ఇచ్చారు. ఇల్లు కొత్తదే, పీట మాత్రం పాతది!

ఇప్పుడు మా వంటింట్లో గోడకి ఒక పుస్తకం వేలాడుతోంది. ఆర్డరు చూసిన మరుక్షణం పేరూ ఫోను నంబరూ అందులో రాస్తాను. మొన్న కాకినాడ ఆయన మళ్ళీ కందిపొడి చెప్పాడు. "అమ్మాయికి మీ సున్నుండలు నచ్చాయమ్మా" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

ఆ మూడో ఆర్డరు ఎవరిదో మాత్రం నాకు ఈనాటికీ తెలీదు. ఏ ఇంట్లో ఎవరు ఎదురుచూశారో! ఆ బాకీ నా మీద అలాగే ఉండిపోయింది. సాఫ్ట్‌వేరుని వెనక్కి తీసుకుపోవచ్చు గానీ, మనల్ని నమ్మి చెప్పిన మనిషి మాటని దాంతోపాటు వెనక్కి పోనివ్వకూడదు. ఈసారి కొత్త వెర్షన్ వచ్చిందని కనబడితే, ముందు పుస్తకం కాపీ తీసుకుని, ఆ తర్వాతే చెయ్యి వెయ్యండి.