జేబులో కత్తెర

మడత చాకు కొనబోయేవారు అంగడిలో మొదట చూచేది దాని అలుగును. ఎంత పొడుగున్నది, ఎంత పదునున్నది, తెరచినప్పుడు గట్టిగా నిలుస్తుందా లేదా అని పరీక్షిస్తారు. తరువాత డబ్బామూత తీసేదీ, మరలు తిప్పేదీ, సీసా బిరడా లాగేదీ ఒక్కొక్కటే విప్పి చూస్తారు. చిట్టచివర ఒక మూలను ముడుచుకొని ఉన్న చిన్న కత్తెర కంటబడితే, "పిల్లల ఆటవస్తువులాగున్నదే!" అని నవ్వి మూసివేస్తారు. ఆ కత్తెర పక్షాన వకాల్తా పుచ్చుకొని నాలుగు మాటలు మనవి చేయదలచినాము. జేబులో చాకు ఉంచుకొనేవారికి నిత్యమూ పనికివచ్చేది అలుగుకంటె ఆ కత్తెరే అని మా అనుభవం.

మేము బళ్ళారిలో ఒక ఆఫీసులో గుమాస్తాపని చేస్తున్నాము. తాతలనాటినుండీ ఈ ఊరే మా ఊరు. ఇంట తెలుగు, వీధిలో కన్నడం. "సార్, కత్తరి ఇదెయా?" అంటూ రోజుకు ఒక్కరైనా మా బల్లదగ్గరకు వస్తారు. మనము కత్తెర అంటే కన్నడిగులు కత్తరి అంటారు. తమిళనాట ఉన్న మన సభ్యుల ఇరుగుపొరుగులూ కత్తరి అనే అంటారు. షోలాపురం, పూనా వైపు అదే కాత్రి. సంస్కృతంలో కర్తరి. ఇన్ని భాషల ఇండ్లలో దాదాపు ఒకే పేరుతో తిరుగుతున్న ఈ వస్తువు జేబుచాకులోకి చేరడానికి మాత్రం కొంతకాలం పట్టినది.

నేడు లోకమంతా ఎరిగిన స్విస్ చాకు మొదట సిపాయిలకోసం పుట్టినది. స్విట్జర్లాండులోని ఇబాక్ అనే ఊళ్ళో కార్ల్ ఎల్సెనర్ అనే కత్తులపనివాడు 1884లో పనిశాల పెట్టి, 1891లో తమ దేశపు సేనకు చాకులు అందజేసినాడు. వాటిలో ఉన్నవి నాలుగే: ఒక అలుగు, రంధ్రం పొడిచే ములికి, డబ్బామూత తీసేది, తుపాకిమరలు విప్పేది. సిపాయికి కత్తెరతో ఏమి పని అనుకున్నారు కాబోలు. 1897లో అధికారులకోసం మరికొంత నాజూకైన చాకు చేసి, దానికి ఇంకొక చిన్న అలుగూ, బిరడాలు లాగే మరచుట్టా చేర్చినాడు. అందులోనూ కత్తెర లేదు. అది తరువాతి నమూనాలలో వచ్చినది. ఆయన తల్లి విక్టోరియా 1909లో గతించగా ఆమె పేరు తన సరుకుకు పెట్టుకున్నాడు. 1921లో తుప్పుపట్టని ఉక్కు వాడకానికి వచ్చినప్పుడు, ఆ ఉక్కు పేరైన ఇనాక్స్‌ను కూడా కలిపి విక్టొరినాక్స్ అన్నారు.

ఆ కంపెనీవారే చేసే 58 మిల్లీమీటర్ల చిన్న చాకు ఒకటి ఉన్నది. తాళపుచెవుల గుత్తికి తగిలించుకోవచ్చును. తూకం 20 గ్రాములకు కొంచెం పైన. దానిలో రంధ్రం పొడిచే ములికీ లేదు, డబ్బామూత తీసేదీ లేదు. మరలు తిప్పేది గోళ్ళ ఆకురాయి కొసను సర్దుకున్నది. సిపాయి చాకులో చోటు దొరకని కత్తెర మాత్రం ఇందులో దర్జాగా కూర్చున్నది. మా జేబులో ఉండేది ఇటువంటిదే.

దానితో ఒక దినం గడిచే తీరు చెబుతాము. తెల్లవారగానే పాలపాకెట్టు. పంటితో చింపితే పాలు మీద పడతాయి, అలుగుతో గీస్తే పాకెట్టు జారుతుంది. కత్తెరతో మూల కత్తిరించి, ముక్క పూర్తిగా ఊడిరాకుండా కొంచెం అంటి ఉండగానే ఆపితే, ఆ చిన్న ప్లాస్టిక్కు తునక వీధికాలువపాలు కాకుండా పాకెట్టుతోనే పోతుంది. తరువాత మా అమ్మగారి మాత్రలు. పొడుగాటి పట్టీనుండి వారానికి సరిపడే భాగం కత్తిరించి ఆమె డబ్బాలో పెడతాము. పేరూ, గడువు తేదీ ఉన్న కొసను చివరివరకు ఉంచుతాము. ఇక్కడ ఒక హెచ్చరిక. ఒక్కొక్క మాత్రనే విడిగా కత్తిరించి పెద్దల చేతికి ఇవ్వరాదు. చూపు మందగించినవారు రేకుతోసహా మింగే ప్రమాదమున్నది.

ఆఫీసులో అడుగుపెట్టగానే ఒకరి చొక్కాబొత్తానికి వ్రేలాడే దారం, ఒకరి ఫైలుకట్టకు బిగిసిన పురికొస ముడి, ఒకరికి పేపరులో పడిన ప్రకటన. ఇంటికి వచ్చిన తరువాత మల్లెమాల కొస, పిల్లల బడికి రంగుకాగితాలు, కొత్తబట్టల ధరచీటీకి ఉన్న గట్టి ప్లాస్టిక్కు తీగ. ఇదంతా కత్తెర పని. అలుగుకు ఆ దినమంతటిలో ఒక కవరు చించడమో, ఒక పార్సిలు పెట్టె టేపు గీయడమో, ఒక జామకాయ కోయడమో ఉంటుంది. కొన్నాళ్ళు దానిని తెరవనే తెరవము.

ఇందుకు కారణం మంత్రమేమీ లేదు. అలుగుకు ఉన్నది ఒకే అంచు. దానిముందు దారం పెడితే దారం వెనుకకు పారిపోతుంది. దానిని బిగించి పట్టేందుకు రెండవ చేయి కావలెను, లేదా క్రింద పీట కావలెను. పీట లేనప్పుడు మన బొటనవ్రేలే పీట అవుతుంది. తెగిన వ్రేళ్ళలో చాలాభాగం ఈ లెక్కలోనివే. కత్తెరకు రెండు అంచులు. ఒకదానికి ఒకటి పీట. మధ్యకు వచ్చిన వస్తువు పారిపోయే దారిలేక అక్కడే తెగుతుంది. గాలిలో వ్రేలాడే దారాన్నైనా ఒంటిచేత్తో తెంచవచ్చును.

మా ఊరు జీన్సు ప్యాంట్ల కుట్టుపనికి పేరుపడినది. ఆ మిషన్లదగ్గర దారపుకొసలు తెంచేవారి చేతుల్లో, వ్రేళ్ళు దూర్చే కంతలు లేని చిన్న కత్తెర ఉంటుంది. నొక్కితే మూసుకుంటుంది, వదిలితే దానంతట అదే తెరచుకుంటుంది. చాకులోని కత్తెర దానికి చుట్టమే. లోపల చిన్న స్ప్రింగు ఉండి రెక్కలను విడదీస్తుంది.

మన పెద్దలకు ఈ జేబు పనిముట్టు కొత్తదేమీ కాదు. మా నాయనగారి తండ్రి వక్కాకుసంచిలో సున్నపుకాయ ప్రక్కన అడకత్తెర ఎల్లప్పుడూ ఉండేదని అమ్మగారు చెబుతారు. అడకత్తెరలో పోకచెక్క అనే సామెత అందరికీ తెలుసును గాని, ఆ పోకచెక్క అంత సులువుగా ఎందుకు తెగుతుందో ఆలోచించేవారు తక్కువ. అడకత్తెరకు చీల ఒక చివర ఉంటుంది, మన పిడికిలి రెండవ చివర ఉంటుంది, వక్క నడుమ చీలదగ్గర పడుతుంది. చిన్న నొక్కుడుకే పెద్ద బలం వస్తుంది. మామూలు కత్తెరకు చీల నడుమ ఉంటుంది, తెగే వస్తువు అవతల ఉంటుంది. బడిలో చదువుకున్న తులాదండపు లెక్కే ఇది. అందుచేత గట్టి వస్తువును కత్తెర కొసలతో కొరకక, చీలదగ్గరకు జరిపి నొక్కవలెను. చాకులోని కత్తెరకు పిడి పొట్టి గనుక ఈ సూత్రం దానికి మరింత అవసరం.

ఇక మేము ముఖ్యమనుకొనే సంగతికి వస్తాము. జేబులో ఉన్న వస్తువు మనకొక్కరికే పనికివస్తే అది సగం వస్తువే. నలుగురిలో ఉన్నప్పుడు అలుగు తెరిచి చూడండి. ప్రక్కవారు కాస్త జరుగుతారు. ఆడవారు పిల్లలను దగ్గరకు లాక్కుంటారు. అడిగినవారికి ఇవ్వవలెనన్నా, "జాగ్రత్తండీ, చాలా పదును" అని మనమే పని చేసిపెట్టవలసి వస్తుంది. కత్తెరను చూచి జంకేవారు లేరు. దానిని ముసలమ్మ చేతికీ ఇవ్వవచ్చును, ముఖపరిచయంలేని మనిషి చేతికీ ఇవ్వవచ్చును.

క్రిందటి ఏడు బళ్ళారినుండి గుంతకల్లు పోయే బండిలో ఇది మాకు బాగా తెలిసివచ్చినది. మా ఎదుటి బల్లమీద ఒక యువతి, ఆమె ఒడిలో రెండేండ్ల పిల్లవాడు. స్టేషనుకు వచ్చే దారిలో వాడి చేతిని కందిరీగ కుట్టినదట. చేయి పొంగి, మణికట్టుకు కట్టిన దిష్టి నల్లదారం కండలోకి దిగబడినది. ముడి కనబడదు. వ్రేళ్ళు కమిలి నీలపురంగుకు తిరుగుతున్నవి. పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఒకాయన గడ్డంగీసుకొనే బ్లేడు తీసి ఇచ్చినాడు. మరొకామె బుట్టలోనుంచి కూరలు తరిగే కత్తి తీసినది. ఎగిరిపడే పిల్లవాడి చేతిమీద, ఊగే బండిలో, ఆ రెండింటిలో ఏది పెట్టడానికీ తల్లికి ధైర్యం చాలలేదు. బిడ్డను తన రెక్కలక్రింద దాచుకున్నది.

మేము జేబులోని చాకు తీసి, అలుగు జోలికి పోకుండా కత్తెర ఒక్కటే విప్పి చూపినాము. ఆమె ఒక్కసారి దానిని చూచి, "అన్నా, ఇట్లివ్వండి, నేనే కత్తిరిస్తాను" అన్నది. మేము పిల్లవాడి మోచేయి కదలకుండా పట్టుకున్నాము. ఆమె మణికట్టు ప్రక్కన వాపు తక్కువ ఉన్నచోట కత్తెర క్రిందిరెక్కను చర్మానికి చదునుగా ఆనించి దారంక్రిందికి మెల్లగా జొనిపి, ఒక్క నొక్కు నొక్కినది. దారం రెండు కొసలై విడిపోయినది. కాసేపటికి వ్రేళ్ళ రంగు తిరిగినది. గుంతకల్లులో దిగగానే డాక్టరుకు చూపుతామని చెప్పి, కత్తెరను తన కొంగుతో తుడిచి మాకు ఇచ్చినది. అంతమంది మగవాళ్ళున్న పెట్టెలో ఆ పని తల్లిచేతిమీదుగానే జరగడం మాకు ఎంతో బాగున్నది. బిడ్డను ఎవరికో అప్పగించి కళ్ళు మూసుకోవలసిన అవసరం ఆమెకు కలుగలేదు.

ఇంతమాత్రాన దీనిని కామధేనువు అనము. గుడ్డ కత్తిరించడానికి దర్జీవాని పెద్దకత్తెరే కావలెను. అట్టపెట్టెలకూ, పండ్లకూ అలుగే తగినది. ఇనుపతీగను దీనిలో పెడితే అంచు గంటుపడి, ఆపైన దారం కూడా తెగదు. ఎడమచేతివాటం వారికి ఇంకొక ఇబ్బంది. కత్తెర రెక్కలు కుడిచేతి నొక్కుడుకు దగ్గరపడేటట్లు అమర్చి ఉంటాయి. ఎడమచేత్తో పట్టితే అదే నొక్కుడు వాటిని ఎడంచేస్తుంది. మా బావమరిది ఎడమచేతివాడు. కొనేముందు అంగడిలోనే పలుచని కాగితం కత్తిరించి చూచుకోమని అతనికి చెప్పినాము.

ఆ పరీక్ష అందరికీ మంచిదే. పలుచని కాగితాన్ని మొదలునుండి కొసవరకు నలపకుండా కత్తిరించవలెను. కొసదగ్గర కాగితం మడతపడితే దానిని తిరిగి ఇచ్చివేయండి. రెక్కలనడుమ చీలదగ్గర అప్పుడప్పుడు ఒక చుక్క కుట్టుమిషను నూనె వేసి తుడిస్తే చాలును. ముందుగా అలసిపోయేది స్ప్రింగు. కొన్ని కంపెనీల చాకులకు అది విడిగా దొరుకుతుంది గనుక కొనేటప్పుడే అడిగి ఉంచుకోవడం మేలు. సానపట్టించేటప్పుడు వాలుగా ఉన్న బయటి అంచునే సానకు పెట్టవలెను. రెండు రెక్కలూ రాచుకొనే లోపలి ముఖాన్ని అరగదీస్తే నడుమ సందు పడుతుంది. ఇంట వాడే పెద్దకత్తెరలకూ ఇదే నియమం. మీరటు నగరం ఈ కత్తెరల తయారీకి ప్రసిద్ధి. వాటికి 2013లో భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. మరల సానపెట్టి వాడుకోదగిన కత్తెర ఇంట ఒకటి, జేబులో ఒకటి ఉంటే సంసారానికి లోటులేదు.

విమానమెక్కేవారు మాత్రం ఈ చాకును చేతిసంచిలో ఉంచరాదు. క్రింద సరుకులలో వేసే పెట్టెలోనే పెట్టవలెను. అమెరికాలో 2001 సెప్టెంబరు 11న జరిగిన దాడుల తరువాత ఈ కట్టుబాట్లు బిగిసి, ఆ ఇబాక్ కంపెనీ చాకుల అమ్మకాలు బాగా పడిపోయినవి. అలుగులే లేని జేబు పనిముట్లను కూడా తయారుచేయదలచినట్లు 2024లో ఆ కంపెనీ అధిపతి తెలియజేసినాడు. అటువంటి దానిలో కత్తెర ఉంటే మాకు అంతకన్న కావలసినది లేదు.

ఊరక కత్తెర ఆడిస్తే ఇంట కలహమని మన పెద్దలంటారు. మేము దానిని ఊరక ఉండనిచ్చే వేళే దొరకడంలేదు. వచ్చే ఉగాదికి మన సంఘాలవారు మామిడితోరణాలు కట్టేటప్పుడు, "ఎవరిదగ్గరైనా కత్తెర ఉన్నదా?" అనే కేక ఏ ఊళ్ళోనైనా తప్పక వినబడుతుంది. ఆ వేళకు సభ్యులలో ముగ్గురు నలుగురి జేబుల్లోనైనా ఈ చిన్నవస్తువు ఉండవలెనని మా మనవి. పురికొస చీలదగ్గరకు జరిపి నొక్కమని చెప్పి ఇవ్వండి. పని తీరగానే అడిగి తిరిగి పుచ్చుకోవడం మరువకండి.