పాతయింటి బండలు

పాతయిల్లు పడగొట్టునప్పుడు మొదట పోవునవి తలుపులు. టేకు ద్వారబంధములు కొనువారు గోడ కూలకమునుపే వచ్చి బేరమాడుదురు. దూలములకును, ఇనుప చువ్వలకును, ఇత్తడి గొళ్ళెములకును, కడకు పెంకులకును వెల కలదు. వంటగట్టుమీది రాతిబండను మాత్రము అడుగువా రరుదు. అది మట్టితోను, సున్నపు పెళ్లలతోను గలిసి బండియెక్కి ఊరిబయట గోతిలో పడుచున్నది. ఇల్లాలు ముప్పది నలువది యేండ్లు ఏ రాతిప్రక్క నిలిచి ఇంటిల్లిపాదికి అన్నము వండినదో, ఆ రాయి ఏ జాతిదో కూడ ఎవరును విచారింపరు.

సోదరీమణులారా! బాగుగనున్న బండ మరి రెండు తరములవారికి పనికివచ్చును. అయితే పాతరాయిని తెచ్చుకొనువారు ముందుగా దాని జాతి నెరుగవలెను. పులుసు పడిన చెడు రాతిని పొయ్యిప్రక్కను, పులుపున కోర్చు రాతిని పెరటిలోను వేసినచో రెండును వ్యర్థములే. ఈ విషయమున మేము చూచి, చేసి తెలిసికొన్న సంగతుల నిచట విన్నవించుచున్నాము.

మా అత్తగారి అక్కగారు 2022లో గతించిరి. మరుసటి వేసవిలో వారి యిల్లు పడగొట్టబడెను. కుమారు లిద్దరును పట్టణవాసులు. స్థలమును, ఇత్తడి సామానును పంచుకొనిరి. వంటయింటిలోను, వెనుక వసారాలోను, దేవుని గదిలోను ఉన్న బండ లైదింటిని ఎవరును కోరలేదు. ఆ సంగతి విని మా అత్తగారు, "అమ్మాయీ! నాకు గిన్నెలు వద్దు, చెంబులు వద్దు. అక్క వంటగట్టు బండ తెప్పించి పెట్టగలవా?" అని యడిగిరి. మేము కాపురమునకు వచ్చిననాటినుండి వారు నోరు తెరచి మమ్ము ఒక వస్తు వడుగుట అదియే మొదలు. మా వంటయింటి గట్టు కూడ అప్పటికి కూలుటకు సిద్ధముగా నుండెను. మావారిది బడిపంతులు జీతము. పెద్దమ్మాయి కళాశాల చదువునకై కూడబెట్టినది తప్ప చేతిలో వేరు సొమ్ము లేదు; కొత్తరాయి కొన్నచో ఆ సొమ్ము ముట్టక తప్పదు. కావున ఆ యైదు బండలను తెప్పించితిమి.

బండి దింపినవారు వానిని కలగాపులగముగ పేర్చిరి. జిడ్డు, మసి, సున్నము పట్టి అన్నియు నొక్క తీరుననే కనబడుచుండెను. అందు రెండు నల్లబండలు కొలతలో కూడ సమానములు. వానిలో ఒకటి పొయ్యిప్రక్కది, ఒకటి వసారాలోనిది. అక్కగారి బండ యేదియో చెప్పగలవా రెవరును లేకపోయిరి. మేస్త్రీ నవ్వి, "రెండూ నల్లరాళ్ళే గదమ్మా! ఏదైతేనేం? పాలిషు పట్టించి పరిచేస్తాను" అనెను. మేము పాలిషు మాట తరువాత చూతమని చెప్పి, ముందుగా వేడినీళ్ళతోను సబ్బుతోను బండలను కడిగించి, ఒక్కొక్కదానిని పరీక్షించితిమి. ఈ పరీక్షలకు కావలసిన వస్తువులన్నియు వంటయింటిలోనే యున్నవి.

మొదటిది కంటి పరీక్ష. రాతిని విరిగిన అంచున చూడవలెను, పైమెరుగు మోసగించును. గ్రానైటున గింజలు ఒకదానిలో నొకటి బిగిసి కనబడును. అద్దపుముక్కవలె నుండునది పలుగురాయి, తళుకుమనునది కాకిబంగారమనెడి అభ్రకము. నాపరాయి సున్నపురాతి జాతి. ఒకే రంగుగ నుండి, అంచున పొరలు పొరలుగ తోచును. చలువరాయి విరిగినచోట పటికబెల్లపు ముక్కవలె మెరయును.

రెండవది చాకు పరీక్ష. 1812లో ఫ్రెడరిక్ మోస్ అను జర్మను పండితుడు ఖనిజముల గట్టిదనమును ఒకటి మొదలు పదివరకు వరుసపెట్టెను. ఆ వరుసలో సున్నపురాతికిని చలువరాతికిని మూలమైన కాల్సైటు 3వది. గ్రానైటులోని పలుగురాయి 7వది. ఉక్కుచాకు ఈ రెండింటి నడుమ నుండును. కావున చాకుమొనతో బండ అడుగువైపున గీచినచో నాపరాయి, చలువరాయి గీత పడును. గ్రానైటు మీద చాకు జారిపోవును. గోటితోనే గీత పడినచో అది బలపపు రాయి.

మూడవది నిమ్మచెక్క. అడుగువైపున ఒక మూల నున్నగ రుద్ది, నిమ్మరసము ఒక బొట్టు వేసి పావుగంట విడిచి తుడువవలెను. సున్నపురాతి జాతికి అచట మెరుపు పోయి తెల్లని మచ్చ యేర్పడును. గ్రానైటున కేమియు కాదు.

నాలుగవది నీటిబొట్టు. బొట్టుక్రింద రాయి త్వరగా నల్లబడినచో అది నీటిని పీల్చు రాయి. నూనెను, పసుపును కూడ పీల్చును. బండ యంతయు తడిపి ఆరనిచ్చినచో బీట కూడ బయటపడును. తక్కిన భాగ మారినను బీటవెంట తడిగీత నిలుచును. ఐదవది చెవి పరీక్ష. బండను రెండు కొయ్యలపై నుంచి రూపాయిబిళ్ళతో తట్టినచో, మంచిరాయి ఖంగుమనును, పగిలినది బొంగురుపోవును.

నల్లరాతి విషయమున నింకొక జాగ్రత్త కలదు. బూడిదవన్నె రాతికి నల్లరంగు పట్టించి యమ్ముట వాడుకలో నున్నది. గోళ్ళరంగు తుడుచు ద్రావకమును తెల్లగుడ్డపై నద్ది, రాతిపై రుద్దినచో పూతరంగు గుడ్డ కంటుకొనును.

ఈ విధముగ చూడగా ఐదింటి జాతులు తేలినవి. ఒకటి గింజగింజలుగ నున్న బూడిదవన్నె గ్రానైటు. దేవుని గదిలోని చిన్నపలక చలువరాయి. నీలిచాయ గలది తాండూరు రాయి. నల్లబండలలో నొకదానికి చాకు గీతయు, నిమ్మమచ్చయు పడలేదు. రాళ్ళ వర్తకులు దీనిని నల్లగ్రానైటందురు గాని, భూగర్భశాస్త్రజ్ఞుల లెక్కలో ఇట్టి నల్లరాళ్ళు పెక్కులు నిజమైన గ్రానైటు కావు. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో బంగారుచుక్కలతో దొరకు ప్రసిద్ధమైన నల్లరాయి గాబ్రో అను వేరు జాతిది. వంటగట్టునకు మాత్రము రెండును సమానమైన గట్టిదనము గలవే.

రెండవ నల్లబండమీద నిమ్మబొట్టు తెల్లని మచ్చ నిలిపెను. అది కడప నాపరాయి. కడప, బేతంచర్ల, తాండూరు ప్రాంతములలో ఈ జాతి రాయి పొరలుగ దొరకును గనుక, పలకలుగ తీయుట సులభము. ఆ ప్రాంతపు శిలలను గూర్చి విలియం కింగ్ అను శాస్త్రజ్ఞుడు 1872లోనే గొప్ప గ్రంథము ప్రకటించెను. వానిలో కొన్నింటి వయస్సు నూరుకోట్ల సంవత్సరములకు మించినదని నేటి పండితుల నిర్ణయము.

మేము వేసిన నిమ్మమచ్చను చూచుచుండగా, అట్టివే గుండ్రని పాతమచ్చలు బండ పైవైపున వరుసగ కనబడెను. పులుసుగిన్నె అడుగులంత వెడల్పు గలవి అవి. వాని ప్రక్కను రాయి కొంచెము అరిగి పల్లముగ నుండెను. మా అత్తగారికి చూపు మందగించినది. వారిని పిలిచి చేయి ఆ పల్లమున నుంచితిమి. వారు కొంతతడవు వ్రేళ్ళతో తడిమి, "ఇదేనమ్మా! అక్క చింతపండు పిసికే చోటు" అనిరి. అంతకుమించి యేమియు పలుకలేదు.

మేస్త్రీ ఆ మచ్చలు అరగదీసి మెరుగు పెట్టుదుననెను. వద్దన్నచో, బండను తిరగవేసి పరతుననెను. తిరగవేయుట తప్పేమియు కాదు. మన దేశమున కది కొత్తయు కాదు. అమరావతి స్తూపపు పలకలు పలనాటి సున్నపురాతివే. లండనులోని బ్రిటిషు మ్యూజియమున నున్న యొక అమరావతి పలక రెండువైపులను చెక్కబడి యున్నది. ఒకవైపు పని క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమునాటిది. రెండవవైపు పని క్రీస్తుశకము మూడవ శతాబ్దమునాటిది. నాటి శిల్పులు పాతపలకను పారవేయక, త్రిప్పి, కొత్తశిల్పము చెక్కిరి. కాని అదే స్తూపపు రాళ్ళకు పిమ్మట పట్టిన గతియు తలపవలెను. పదునెనిమిదవ శతాబ్దము చివర ఆ దిబ్బను త్రవ్వి, పలకలను కట్టడములకు గొనిపోయిరి. కొన్నింటిని కాల్చి సున్నము చేసిరి. రాయి యొక్కటియే, దాని విలువ నెరిగినవారి చేతిలో శిల్పమైనది, ఎరుగనివారి చేతిలో సున్నమైనది. పాతబండమీద అక్షరములుగాని బొమ్మలుగాని కనబడినచో, దానిని గట్టున పరువక పురావస్తుశాఖవారికి తెలుపవలె ననుటకు ఇదియే కారణము.

మా అత్తగారు మాత్రము, "త్రిప్పవద్దు. నాకు కావలసినది ఆ మచ్చలే" అనిరి. కావున ఆ బండను మెరుగు పెట్టక, త్రిప్పక, వెనుక వసారాలో ఇటుకలపై మూరెడెత్తున పరపించితిమి. అచట పులుపు పడదు, వేడిగిన్నె దింపరు. ఉదయమున వారు దానిప్రక్క కూర్చుండి ఆకుకూరలు బాగుచేయుదురు, పూలు కట్టుదురు. నల్లగ్రానైటు పొయ్యిక్రిందను, బూడిదవన్నెది సింకుప్రక్కను అమరినవి. చలువరాతి పలక చల్లగనుండును గనుక పూరీలు వత్తుటకు మిక్కిలి యనుకూలము. తాండూరు రాయి గిన్నెలు తోము చోట పడినది. అమ్మాయి కళాశాల సొమ్ము ముట్టుకొనలేదు. 2024లో ఆమె చదువునకే అది ఖర్చయినది.

ఈ పనిలో ముఖ్యముగ గమనింపవలసినవి మరికొన్ని కలవు. ముప్పాతిక అంగుళము మందము గల బండ చదరపు అడుగుకు సుమారు 5 కిలోలు తూగును. ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గలది 50 కిలోలు. దానిని పళ్ళెమువలె పట్టి మోయరాదు, నడుమ విరుగును. అంచుపై నిలిపి మోయవలెను. సింకునకై తొలచునప్పుడు మూలలు గుండ్రముగ తీయింపవలెను. చదరపు మూలనుండియే బీట బయలుదేరును. అడుగున నంటిన సిమెంటును ఆమ్లముతో కడుగరాదు. సున్నపురాయి అయినచో రాయి కూడ కరుగును. ఉలితో మెల్లగ రాల్పవలెను. నూనెమరకకు వంటసోడాను నీటితో ముద్దజేసి పట్టించి, గుడ్డ కప్పి, రాత్రి యంతయు నుంచినచో చాలభాగము లాగివేయును.

అన్నింటికంటె ముఖ్యమైనది రాతిని కోయువాని ఊపిరి. గ్రానైటును పొడిగ కోసినప్పుడు లేచు దుమ్ములో పలుగురాతి పొడి యుండును. అది ఊపిరితిత్తులలో చేరినచో సిలికోసిస్ అను వ్యాధి కలుగును. వచ్చిన పిదప దానిని పోగొట్టు మందు లేదు. పలుగురాతి పొడిని జిగురుతో కలిపి పోతపోసిన కృత్రిమ బండలలో ఆ పొడి నూటికి తొంబదిపాళ్ళకు మించి యుండుటచేత, ఆస్ట్రేలియా దేశమువారు 2024 జూలై 1 నుండి వానిని నిషేధించిరి. అట్టి బండ పాతయింట దొరకినను ఇంటివద్ద కోయింపరాదు. మా మేస్త్రీ మొదట గ్రానైటును పొడిగనే కోయబోయెను. నీరు పోయుచు కోసినచో పని ఆలస్యమగునని వాని బాధ. మేము ఆ పూటకు కూలి అధికముగ నిత్తుమని చెప్పి, పెరటిలో నీరు పోయించుచు కోయించితిమి. ముక్కునకు గుడ్డ కట్టుకొనుట చాలదు. దుమ్మును ఆపు మాస్కు వేరుగ దొరకును. దానిని మేమే తెప్పించి యిచ్చితిమి. రాయి ఉచితముగ వచ్చినది గదా యని, దాని వెలను పనివాని ఆయుర్దాయమునుండి చెల్లించుట న్యాయము కాదు.

కావున సోదరీమణులారా! మీ బంధువుల యిల్లుగాని పొరుగువారి యిల్లుగాని పడగొట్టబోవు చున్నారని విన్నప్పుడు, బండి రాకమునుపే యొకసారి వెళ్ళి చూడుడు. ఒక నిమ్మచెక్క, ఒక చాకు, ఒక రూపాయిబిళ్ళ, చెంబెడు నీళ్ళు చాలును. గట్టిరాయిని పొయ్యిప్రక్కకును, మెత్తనిరాయిని వసారాకును తెచ్చుకొనుడు. ఆ యింటి ముసలివా రెవరైన జీవించియున్నచో, బండను కదలించుటకు ముందు వారి నడుగుడు. అది ఏ గదిలో నుండెనో, దానిప్రక్క నిలిచి వండిన వారెవరో రాతికంటె ముందు వారే చెప్పగలరు.